పదకొండో మీటరు

మా అల్లుడి ఎదుట నేను కుర్చీల కూసోను. ఆయనతో నేరుగ మాట్లాడను. మా ఇండ్లల్ల అత్తకూ అల్లుడికీ మాట ఉండదు. ఏదన్న చెప్పాలంటే బిడ్డకు చెప్త, బిడ్డ ఆయనకు చెప్తది. ఆయన ఎదురుగనే ఉన్నా అంతే. ఆయనది కోస్తా దిక్కు. వాళ్ళ ఇంట్ల ఈ పట్టింపు లేదట. పెండ్లయిన వారానికే వంటింటి గడప కాడ నిలబడి, "ఏంటి అత్తయ్య గారూ, నా మీద కోపమా? పలకరు?" అన్నడు. నేను బిడ్డ దిక్కు తిరిగి, "కోపం లేదని చెప్పు" అన్న.

అది అబద్ధం. కోపం ఉండె, ఇప్పటికీ ఉన్నది. ఆయన తాగడు, తిరుగడు, నా బిడ్డను ఒక్క మాట అనడు. నాకు పడనిది ఆయన తొందర. ఏ పని చెప్పినా "అయిపోద్దిలెండి" అంటడు. గ్యాస్ బండ మార్చాలన్నా అదే మాట, పదేండ్ల నుంచి కారుతున్న గోడ గురించి చెప్పినా అదే మాట. కొన్ని పనులు తొందరగ కావు. కావొద్దు సుత. మా ఇంటి కింది గదిల జరిగే పని అసొంటిది.

మేముండేది అమీర్‌పేటల, మెయిన్ రోడ్డు వెనుక సందుల. ముందుగాల ఎర్రమంజిల్ సర్కారు క్వార్టర్లల్ల ఉంటిమి. మా ఆయన ఒక సర్కారు ల్యాబుల టెక్నీషియన్. రిటైరయినంక ఈ ఇంటి కింది రెండు గదుల్ల సొంతంగ అదే పని పెట్టిండు. బయట బోర్డు మీద 'కాలిబ్రేషన్' అని ఉంటది. పక్కింటామె చానా ఏండ్లు అది కూడ ఒక కోర్సే అనుకున్నది. కోచింగ్ సెంటర్ల మైత్రీవనం పక్కన ఉంటే ఏ బోర్డయినా కోర్సు బోర్డు లెక్కనే కనపడతది. వాళ్ళ చెల్లె కొడుక్కు ఫీజు తగ్గిస్తరా అని ఒకపారి అడిగింది. తగ్గించమని చెప్పి పంపిన.

పని ఏందంటే, రేడియో అలల బలాన్ని కొలిచే మీటర్లు సరిగ్గ కొలుస్తున్నయా లేదా అని చూసుడు. టవర్ల పని చేసేటోళ్ళు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసేటోళ్ళు, దవాఖానల్ల నొప్పులకు వేడి పెట్టే మిషన్లు చూసేటోళ్ళు ఈ మీటర్లు వాడుతరు. మీటరుకు ఒక తీగ, తీగ చివర పిడికిట్ల పట్టేంత తల ఉంటది. అల ఆ తలలకు పోయి రవ్వంత వేడి పుట్టిస్తది. ఎంత వేడి పుడితే అంత బలమని మీటరు అంకె చూపిస్తది. వాడంగ వాడంగ ఆ అంకె పక్కకు జరుగుతది. అందుకే ఏడాదికోసారి మా దగ్గరికి తెస్తరు.

మా దగ్గర ఒక మంచి తల ఉంటది. దాన్ని మేము ఏడాదికోసారి మాకంటె పెద్ద ల్యాబుకు పంపి సరిచూపించుకుంటం. ఆ మంచి తలనూ వాళ్ళు తెచ్చిన తలనూ ఒకదాని వెనుక ఒకటి ఒకే చోట బిగించి, ఒకే అల పంపి, రెండూ ఏం చెప్తున్నయో రాస్తం. ఆ బిగించే చోటును మా ఆయన పీట అనేటోడు, అల్లుడు పోర్టు అంటడు. స్టీలు మూతి, మూతి నడుమ సన్నటి బంగారు పూత గొట్టం. ఆ గొట్టం కొస నాలుగు రేకులుగ చీలి ఉంటది. తలకున్న సూది పోయి ఆ నాలుగు రేకుల నడుమ దిగుతది. నాలుగూ సమానంగ పట్టుకుంటేనే కొలత కొలతైతది.

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. "అంకెలు రాస్తవు గద, చాలు" అని మా ఆయన నన్ను పక్కన కూసోబెట్టుకున్నడు. ఆయన చదివేటోడు, నేను రిజిస్టర్ల రాసేదాన్ని. తర్వాత తర్వాత మూతులు తుడుసుడు, భూతద్దంతో రేకులు చూసుడు, గింజలు, అంటే నట్లు, బిగించుడు నాకే వచ్చినయి. బిగించేటప్పుడు గింజనే తిప్పాలె, తలను తిప్పొద్దు. తల తిరిగితే సూది లోపల గీసుకపోతది. బయటి తల ఏది వచ్చినా, సూది పొడుసుకొచ్చిందా అని ముందుగాల చిన్న గేజితో కొలువాలె. పొడుసుకొచ్చిన సూదిని పీట మీద పెడితే అది రేకులను పగలగొడతది. విరిగిన పీట మీద కూసున్న ప్రతి తలకూ తప్పు అంకె వస్తది. ఇవన్ని మా ఆయన నాకు పదిసార్లు చెప్పలేదు. ఒక్కసారే చెప్పిండు, రెండోసారి చెప్పాల్సి వస్తే ముఖం మాడ్చుకునేటోడు.

ఇంకొకటి ఉండె. పొద్దున్నే మీటరుకున్న సొంత మూతిల తల పెట్టి, ఒక మిల్లీవాట్, అంటే వాట్ల వెయ్యో వంతు, చూపిస్తున్నదా అని చూస్తరు. రోజూ చూస్తరు, రోజూ సరిగ్గనే ఉంటది. మా ఆయన దాన్ని లెక్కచేయకపోయేది. "ఆ ఒక్క చోట మీటరు తనను తానే సరిచేసుకుంటది. దొంగను పిలిచి దొంగతనం జరిగిందా అని అడిగినట్లు" అనేటోడు. ఆయన నమ్మింది సోమవారం పని. సోమవారం పొద్దుగాల బయటి మీటర్లు ముట్టకముందే, భూతద్దంతో పీటను చూసి, మంచి తలనూ పింఛను తీసుకున్న ఒక పాత తలనూ వంతులవారీగ పీట మీద బిగించి, కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాక అన్నిట్ల చూసేది. రెంటికీ నడుమ తేడా పోయిన వారం ఎంత ఉన్నదో ఈ వారం అంతే ఉండాలె. ఉంటే రిజిస్టర్ల సోమవారం గడిల నేను అంకె రాసేది. లేకుంటే ఆ రోజు తలుపు తెరువకపోయేది.

మా ఆయన పోయినంక పని అల్లుడిదయింది. ఆయన కొలుస్తడు, నా బిడ్డ సర్టిఫికెట్ తయారుచేసి సంతకం పెడ్తది, నేను తుడిచి రాస్త. ఇద్దరూ చదువుకున్నోళ్ళే. మైత్రీవనంల ఒకే కోర్సుల కలిసిన్రు, అక్కడనే ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నరు. దాని గురించి ఇక్కడ చెప్ప.

ఇప్పుడు నా తప్పు చెప్త. దాన్ని నేను చివరికి దాచుకునే మనిషిని కాదు.

నేను పొదుపు మనిషిని. టీ పొడి రెండోసారి మరిగిస్త. ఆడోళ్ళకు బస్సుల పైసలు లేని జీరో టికెట్ వచ్చినంక ఎర్రగడ్డ రైతుబజారు దాక పోయి కూరగాయలు తెస్త గాని సందు మొదట్ల బండి మీద కొన. వస్తువు అరిగిపోతుంటే నాకు పాణం కొట్టుకుంటది. పీట మీద తల బిగించినప్పుడల్ల ఆ బంగారు పూత జర అరుగుతది. ఇన్నిసార్లు బిగించినంక మార్చాలె అని దాని కంపెనీ పుస్తకంల ఉంటది. నేను బిగింపులు లెక్కపెట్టేదాన్ని. సోమవారం పనికే బోలెడు బిగింపులు పోతున్నయి. బయటోళ్ళ తలలకు కాదు, మన తలలకే మన పీట అరుగుతున్నది.

"సోమవారం సోమవారం ఎందుకు?" అన్న బిడ్డతోని. "ఎప్పుడు చూసినా అదే అంకె. నెలకోసారి చాలు. పీట నాలుగు రోజులు ఎక్కువ వస్తది."

బిడ్డ చెప్పకముందే అల్లుడు విన్నడు. "మంచి మాట చెప్పారు అత్తయ్య గారు" అన్నడు.

ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఆ మెచ్చుకోలుకే నేను అనుమానపడాల్సింది. సంబురపడ్డ. నెలకోసారి అయింది. తర్వాత పని ఎక్కువున్న నెల వచ్చింది, ఆ నెల తప్పింది. ఆ తర్వాత నెల ఎవరూ యాది చేయలేదు. భూతద్దం కూడ సోమవారంతోనే పోయింది. మూతిల గాలి ఊది, పైపైన తుడుసుడే మిగిలింది. రిజిస్టర్ల సోమవారం గళ్ళు వరుసగ తెల్లగ ఉన్నయి. రోజూ అదే పేజీల ఒక మిల్లీవాట్ రాస్తున్న నేను ఆ తెలుపును చూసుకుంటనే ఉన్న.

ఒకనాడు పంజాగుట్ట నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు. మోకాళ్ళకు, నడుములకు రేడియో అలలతో వేడి పెట్టే మిషన్లు ఉంటయి గద, క్లినిక్కులల్ల వాటిని బాగుచేసేది ఆయన. మా ఆయన ఉన్నప్పటి నుంచి వస్తున్నడు. నేను లోపలి గదిల మూతులు తుడుస్తున్న, మాటలన్నీ వినపడుతున్నయి.

"జర చూడు సార్" అన్నడు అల్లుడితోని. "నా కాడ రెండు మీటర్లున్నయి. ఒకటి మొన్న మీరు సరిచూసి ఇచ్చింది, ఇంకోటి పాతది. కింది ఫ్రీక్వెన్సీల రెండూ ఒక్కటే చెప్తున్నయి. పైకి పోయినకొద్దీ కలుస్తలేవు."

"పాతది పారేయండి సార్. దాని టైము అయిపోయింది."

"పాతది మీ మామ సరిచూసింది."

"అందుకే పారేయమంటున్నా."

"సార్, నేను మీ మీటరు మాట విని మిషన్ల వేడి పెంచుత, తగ్గిస్త. మీటరు తక్కువ చూపిస్తే నేను ఎక్కువ పెడ్త. దాని కింద పడుకునేది ముసలోళ్ళు. తోలు కాలినంక మీ కాయితం చూపించాల్నా?"

"మీ మిషన్లలో లోపం పెట్టుకుని మా మీటరు మీద తోయకండి. పొద్దున్నే ఒక మిల్లీవాట్ చూశాం, కరెక్టుగా ఉంది. మా పని మాకు తెలుసండి. వెళ్ళండి, వేరేవాళ్ళు వెయిట్ చేస్తున్నారు."

వేరేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన మీటరు సంచిల పెట్టుకుని పోయిండు. పోతుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు గట్టిగ వినపడ్డది.

కింద కలిసి, పైన కలుస్తలేవు అన్న మాట నన్ను కూసోనియ్యలేదు. మా ఆయన ఉంటే ఆ మాటకు చేతుల పని వదిలిపెట్టి లేచేటోడు. మీటరు లోపల చెడితే అన్ని చోట్లా చెడతది. పైకి పోయినకొద్దీ చెడిందంటే మూతి చూడు అనేటోడు. మూతిల చిన్న గాయమున్నా కింది అలలు పట్టించుకోవు, పై అలలు తట్టుకుని వెనుకకు మళ్ళుతయి.

అల్లుడు అన్నం తినడానికి పైకి పోయినంక నేను భూతద్దం తీసిన. లైటు దగ్గరికి గుంజి పీటను చూసిన. మూడు రేకులున్నయి. నాలుగోది లేదు. మొదలంటా విరిగి గొట్టం అడుగున పడి ఉన్నది, చీమ కాలంత. మిగిలిన మూట్ల కూడ ఒకటి బయటికి వంగి ఉన్నది. మళ్ళ తుడిచి మళ్ళ చూసిన. భూతద్దం తిప్పి ఇంకో పక్క నుంచి చూసిన. ఎట్ల చూసినా మూడే.

బిడ్డను పిలిచి చూపించిన. అది కంప్యూటర్ల పాత సర్టిఫికెట్ల లెక్క తీసింది. సోమవారం గడిల చివరి అంకె రాసినంక ఈ పీట మీద సరిచూసి పంపినయి పదకొండు మీటర్లు. పదకొండు సర్టిఫికెట్ల మీద దాని సంతకమే ఉన్నది.

"మీ ఆయనను పిలువు" అన్న.

ఆయన చెయ్యి తుడుసుకుంటా వచ్చిండు. భూతద్దంల చూసిండు. అయిపోద్దిలెండి అనలేదు, అది నాకు ఆశ్చర్యమే. చానాసేపు చూసి, లేచి, "కొత్త పోర్టు బీరువాలో ఉంది. సాయంత్రానికి మార్చేస్తాను" అన్నడు.

"పోయిన పదకొండు మీటర్ల సంగతి ఏందో అడుగు" అన్న బిడ్డతోని.

బిడ్డ అడగకముందే ఆయన, "ఏడాది తిరిగితే అవే వస్తాయి. అప్పుడు కొత్త పోర్టు మీద సరిగ్గా చూస్తాం. ఈలోగా ఎవరికీ ఏం కాదు" అన్నడు.

"పొద్దున వచ్చినాయన చెప్పింది విన్నడా అని అడుగు."

"విన్నాను. విన్నానని చెప్పు." ఆయన గొంతు లేచింది. "ఇంకో సంగతి. వచ్చే నెల ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. రిజిస్టర్‌లో సోమవారాలు ఖాళీగా ఉన్నాయి. ఆ రాత అత్తయ్య గారిది. ఇంకెవరు రాసినా తెలిసిపోద్ది. పాత అంకెలు చూసి, అటూ ఇటూగా ఆవిడే నింపితే బాగుంటుంది."

"నింపనని చెప్పు" అన్న.

బిడ్డ కంప్యూటర్ దిక్కు తిరిగింది.

"చెప్పవేందే?"

"నేను చెప్ప" అన్నది బిడ్డ. తల ఎత్తలేదు. "ఇన్నేండ్లు ఇటుది అటు, అటుది ఇటు మోసిన. పదకొండు సంతకాలు నావి. ఇగ మోయ. ఆయన ముంగటనే ఉన్నడు. చెప్పేదుంటే నువ్వే చెప్పు."

నేను తిరిగిన. ముఖం చూడలేదు, అంగీ గుండీల దిక్కు చూసిన. పెండ్లయిన ఇన్నేండ్లకు ఆయనతో నేరుగ మాట్లాడిన మొదటి మాట ఇది.

"సోమవారాలు ఆపింది నేను. పీట అరుగుతదని ఆపిన. సూది కొలువకుండ ఎవనిదో తల ఎక్కించింది మీరు. చూడకుండ సంతకం పెట్టింది నా బిడ్డ. ముగ్గురం చూడలేదు. చూడనిదాన్ని చూసిన అని నేను రాయ. ఫోన్లు చేయుర్రి."

"నాతో మాట్లాడటానికి మీకు ఇదే దొరికిందా అత్తయ్య గారూ?"

"ఇదే దొరికింది."

"పదకొండు మందికి ఫోన్ చేసి మా కొలత తప్పని మేమే చెప్తే, వచ్చే నెలకి ఈ గదికి తాళం పడుద్ది. తెలుసా మీకు?"

"తాళం చెవి నా కొంగుకే ఉన్నది. పడాల్సి వస్తే నేనే వేస్త."

ఆయన పైకి పోయిండు. నేను రిజిస్టర్ తీసి, తెల్లగ ఉన్న సోమవారం గళ్ళల్ల ఒక్కొక్కదాంట్ల 'చూడలేదు' అని రాసిన. పద్నాలుగు గళ్ళు. నాకు ఒత్తులు సరిగ్గ రావు, అంకెల మనిషిని. ఆ మాటకు ఒత్తులు లేవు. బిడ్డ పక్కన కూసుని చూసింది. ఆఖరి గడి నిండినంక ఫోన్ చేతికి తీసుకుని మొదటి నంబరు కొట్టింది. సాయంత్రం దాక ఫోన్లు చేసింది. కొందరు సరే పంపుతమన్నరు. ఒకాయన పావుగంట తిట్టిండు, అది విన్నది, మళ్ళ ఇంకో నంబరు కొట్టింది.

పంజాగుట్ట ఆయన ఫోన్ ఎత్తలేదు. ఎందుకెత్తుతడు? మరునాడు పొద్దుగాల నేనే బస్సెక్కి పోయిన. దుకాణం మేడ మీద, ఒక్క గది. బల్ల మీద మూత తీసిన మిషన్ ఉన్నది. నన్ను చూసి లేవలేదు.

"మీ అల్లుడు పంపిండా?"

"పంపలే. నేనే వచ్చిన. మీ మీటరు తెచ్చియ్యుర్రి, మళ్ళ చూడాలె. మీరు చెప్పింది నిజమే. మా పీట విరిగింది."

"నిన్న నన్ను వెళ్ళగొట్టిండు గదా."

"వెళ్ళగొట్టిండు. తప్పు మాదే."

"ఎప్పటి నుంచి విరిగింది?"

"తెల్వది."

"తెల్వదంటే? మీ ఆయన వారం వారం చూసేటోడు గద."

"ఆపినం. ఆపింది నేనే. ఊకె బిగిస్తే అరుగుతదని."

ఆయన చేతులున్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిండు. "అంటే మీ ఇనుము అరగొద్దు. మంది తోలు కాలినా ఏం కాదు."

ఆయన ఒక నోటుబుక్కు తీసి, ఆ మీటరు చేతికొచ్చినంక ముట్టిన మిషన్లు ఎక్కడెక్కడ ఉన్నయో వేలు పెట్టి చూసిండు. నా ముంగటనే మూడు క్లినిక్కులకు ఫోన్ చేసిండు. మిషన్ ఆపుమన్నడు, ఎవరికన్న మండిందా అని అడిగిండు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డ. రెండు చోట్ల ఎవరికీ ఏం కాలేదన్నరు. మూడో చోట నుంచి చానాసేపు విన్నడు.

ఫోన్ పెట్టినంక, "ఒకామె వేడి ఎక్కువైందని నడుమ లేచి పోయిందంట" అన్నడు. "మళ్ళ రాలేదంట. ఆమె సుకుమారం అనుకున్నరంట వాళ్ళు. ఎర్రగైంది, బొబ్బలు రాలేదని చెప్తున్నరు. నిజమో అబద్ధమో."

"ఆమె ఎక్కడుంటదో చెప్తరా?"

"నీకెందుకమ్మ? పోయి ఏం చెప్తవు?" మీటరు సంచిని బల్ల మీదికి తోసిండు. "ఇది సరిచేసి ఎవరితోనన్న పంపుర్రి. దీని తర్వాత మీ గడప తొక్క. మీ ఆయన ముఖం చూసి ఇన్ని రోజులు వచ్చిన."

సంచి ఒళ్ళె పెట్టుకుని బస్సుల వచ్చిన. ఆ ఆడామె ఎవరో నాకు ఇప్పటికీ తెల్వది.

మూడు వారాల్ల పది మీటర్లు వచ్చినయి. కొత్త పీట మీద ఎక్కించే ముందు ప్రతి సూదినీ గేజితో కొలిచినం. అల్లుడే కొలిచిండు, నేను పక్కన నిలబడి చూసిన. వరుసల నాలుగోదాని సూది పొడుసుకొచ్చి ఉన్నది. దాని ఓనరు ఫోన్ల, "మా మీటరు అట్ల రాలేదు, మీరే విరగ్గొట్టిన్రు" అన్నడు. అననియ్యి. వచ్చిన రోజే కొలిచి రాసుకుని ఉంటే ఆ మాటకు జవాబుండేది.

నాలుగోదాని కంటె ముందు పోయిన మూడూ సరిగ్గనే ఉన్నయి. దాని తర్వాత పోయినయన్నీ పైకి పోయినకొద్దీ తప్పే. కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ. పంజాగుట్ట ఆయనది తక్కువ చూపిస్తున్నది.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్ళు రిజిస్టర్ చూసిన్రు. పద్నాలుగు 'చూడలేదు'లు చూసి, ఇది ఎవరు రాసిన్రని అడిగిన్రు. నేనే అని చెప్పిన. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నరు. మెచ్చుకుంటరేమో అని నా బిడ్డ ఆశపడ్డది. మెచ్చుకోలేదు. చూడాల్సింది చూడనందుకు కొన్నాళ్ళు సర్టిఫికెట్లు ఇయ్యొద్దన్నరు, మళ్ళ వచ్చి చూస్తమన్నరు. వాళ్ళ పని వాళ్ళు చేసిన్రు. ఆ కొన్నాళ్ళు అల్లుడు వేరే ల్యాబుల కూలికి పోయినట్లు పోయిండు. ముగ్గురు పాత గిరాకీలు ఇగ రామని చెప్పిన్రు.

అప్పటి నుంచి ఆయనే నాతో మాట్లాడడు. నేను అన్నం పెడుతుంటే బిడ్డ దిక్కు తిరిగి, "మీ అమ్మకి చాలని చెప్పు" అంటడు. నేను చెంచా ఆపుత. మా ఇంటి పట్టింపు ఆయనకు ఇన్నేండ్లకు వంటబట్టింది.

ఇగ పదకొండోది. అది కూడ నాలుగోదాని తర్వాత పోయిందే. దాని ఓనరు మైత్రీవనం వెనుక రెండు గదులు కిరాయికి తీసుకుని, టవర్ల మీద కొలతలు ఎట్ల తీయాలనో నేర్పేటోడు. ఫోన్ బంద్. పోయి చూస్తే ఆ గదుల్ల ఇంకేదో కోర్సు నడుస్తున్నది. ఓనరు ఖాళీ చేసి పోయిండని, సామానంత ఒకే గుత్తకు ఎవరికో అమ్మిండని ఇంటాయన చెప్పిండు. ఎవరికో ఆయనకు తెల్వది.

"పది వచ్చాయి" అన్నడు అల్లుడు, బిడ్డతోనే. "ఒక్కటి. దాని స్టిక్కర్ మీద తేదీ దాటితే ఆ కాగితం దానంతటదే చెల్లదు. ఎనిమిది నెలలు ఆగమను."

ఎనిమిది నెలలు అది ఎవని చేతుల ఏం కొలుస్తదో ఎవరు చెప్పాలె? అమ్మేటోడు దాని మీదున్న మా స్టిక్కర్ చూపించే అమ్ముతడు, సరిచూసిన మీటరని. కొనేటోడు అది చూసే కొంటడు. సంతకం నా బిడ్డది.

బిడ్డతో ఒక కాయితం కొట్టించిన. మీటరు ఏ రకమో, దాని మీద అచ్చేసిన నంబరు ఏందో, దీని సర్టిఫికెట్ తప్పు, ఎవరి దగ్గరున్నా తెచ్చియ్యుర్రి, ఉత్తగనే మళ్ళ సరిచూసి ఇస్తం అని. పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే దుకాణాలన్నిటికీ ఇచ్చొచ్చిన. కొందరు తీసుకున్నరు, కొందరు నేను మెట్లు దిగకముందే చెత్తబుట్టల వేసిన్రు. మిగిలినయి ఇంట్ల మైదా ఉడకబెట్టి గోడల మీద అతికిస్తున్న. అమీర్‌పేటల గోడలకు తక్కువ లేదు, ఖాళీ గోడలకు తక్కువ. పొద్దుగాల అతికిస్తే సాయంత్రానికి దాని మీద కోర్సు పోస్టరో హాస్టల్ పోస్టరో ఎక్కుతది. మళ్ళ అతికిస్త.

మొన్న ఒక లేడీస్ హాస్టల్ ఓనరామె నన్ను పట్టుకున్నది. ఆమె పోస్టరు అంచు మీద నా కాయితం పడ్డదట.

"ఏందమ్మ ఇది? మా ఫోన్ నంబరు సగం కప్పేసినవు. ఏం పోయింది మీది, బంగారమా?"

"మీటరు."

"మీటరుకింత రంధి? పోలీస్ స్టేషన్ల చెప్పుకో."

"మాది కాదు. వేరేటోళ్ళది. మేము దానికి తప్పు కాయితం ఇచ్చినం."

"తప్పయితే ఇంకోటి రాసిస్తే అయిపాయె."

"ఆ కాయితం చెల్లదని రాసి పెట్టినం. ఇచ్చేటందుకు మనిషి దొరకాలె."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. నా కాయితం పీకి చేతిల పెట్టి, "గా కరెంటు స్తంభానికి పెట్టుకో, నా గోడ ముట్టకు" అన్నది. స్తంభం గుండ్రంగ ఉంటది, కాయితం సగం వెనుకకు పోతది, నంబరు సరిగ్గ కనపడదు. అందుకని నేను ఆమె పోయిందాక ఆగి, గోడ మీదనే జర కిందికి, ఆమె ఫోన్ నంబరు తగలకుండ అతికించి వచ్చిన.